ప్రమాదవేళ ఆజ్ఞ యెవరిది?

కర్మాగారములలో ప్రమాదములు సంభవించినపుడెల్ల మన దేశమున జరుగు తంతు ఒక్కటే. మంత్రులు వత్తురు, పరామర్శింతురు, నష్టపరిహారము ప్రకటింపబడును, విచారణసంఘ మొకటి నియమింపబడును. ఆ సంఘము నివేదిక సమర్పించునాటికి మరియొకచోట మరియొక ప్రమాదము సంభవించును. కారణ మేమి, దోష మెవరిది అను ప్రశ్నలు ముఖ్యములే. కాని వానికంటె ముందు, ప్రమాదము రాకపూర్వమే, అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మంట లేచిన మొదటి గంటలో ఆజ్ఞ యిచ్చు అధికార మెవరిది? యంత్రము లాపుమనువా డెవడు? సైరను మ్రోగింపుమనువా డెవడు? లోపల ఎంద రుండిరో లెక్క చెప్పువా డెవడు? ఈ ప్రశ్నలకు తడుముకొనకుండ ఒక్క పేరు చెప్పగల కర్మాగారములు మన తెలుగు జిల్లాలలో ఎన్ని యున్నవో యాజమాన్యములే ఆత్మపరీక్ష చేసికొనవలెను.

2025 జూను 30వ తేదీన సంగారెడ్డి జిల్లా పాశమైలారము పారిశ్రామికవాడలో, సిగాచీ ఇండస్ట్రీస్ కర్మాగారమున జరిగిన ఘోరమును ప్రజ లింకను మరచియుండరు. అచట తయారగునది మందుబిళ్ళలలో కలుపు సెల్యులోజు పొడి. చూచుటకు పిండివలె నుండును. విషము కాదు, మందుగుండు కాదు. అట్టి పొడి తయారగుచోట ప్రేలుడు పుట్టి కట్టడము కూలినది. 54 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఎనమండుగురి ఆచూకి యెన్నడును దొరకలేదు. వెదకి వెదకి తుదకు వారును మృతులైనట్లే ప్రకటింపవలసివచ్చినది. దొరికిన అవశేషము లెవరివో తేల్చుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసివచ్చినది. లోపల ఎవ రుండిరి, బయటపడిన వారెవరు, ఆసుపత్రి చేరినవారెవరు అను లెక్క కుదురుటకే దినములు పట్టినవి. బీహారునుండి, ఒడిశానుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీల బంధువులు తమవా రున్నారో లేరో యెరుగక పడిగాపులు కాచిరి. ప్రేలుడు క్షణములో జరిగిపోయినది. దానిని ఏ యాజ్ఞయు మరలింపజాలదు. కాని తరువాతి గంటలు మానవుల చేతిలోనివి. ఆ గంటలకై ముందుగా ఏర్పాటు చేసికొనుట మన విధి.

అంతకు అయిదేండ్ల ముందు, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మూడుగంటల వేళ, విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడినది. కోవిడు కట్టడి సడలి కర్మాగారము మరల తెరచుటకు సిద్ధపడుచున్న సమయ మది. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. నిద్రలేచిన జనులు ఏ దిక్కునకు పరుగెత్తవలెనో తెలియక చీకటిలో పరుగెత్తి దారులవెంబడి కూలిరి. తరువాత రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చిన విషయములలో ఒకటి పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలసినది. సైరను మ్రోగించు ఏర్పాటు ఆ కర్మాగారమున పలుచోట్ల నుండెను. కాని ఆ రాత్రి అది మ్రోగలేదు. అది సాధనముల కొరత కాదు. ఆజ్ఞ కొరత యనక తప్పదు.

పదిమంది చేరిన పాము చావదని మనవారు చెప్పుదురు. పదుగురును కఱ్ఱ లెత్తుదురు. ఒకరి కఱ్ఱ యొకరికి తగులునేమో యని వెనుదీయుదురు. ఇంతలో పాము పుట్ట చేరును. కర్మాగార ప్రమాదములలోను జరుగునది ఇదియే. యజమాని, మేనేజరు, భద్రతాధికారి, అగ్నిమాపకదళము, పోలీసులు, తహసీలుదారు, వైద్యులు, వీరందరును వత్తురు, అందరును పాటుపడుదురు, ధైర్యమునకు లోటుండదు. కాని ఎవరి మాట యెవరు వినవలెనో ముందుగా నిర్ణయింపబడి యుండదు.

ఈ లోపమునకు లోకము కనుగొన్న విరుగుడు కలదు. 1970 శరత్కాలమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అడవులంటుకొని 13 దినములు మండినవి. 16 మంది మరణించిరి. సుమారు 700 కట్టడములు భస్మమైనవి. మంటలార్పుటకు వచ్చిన దళము లనేకము. వానిలో వానికి పొత్తు కుదురలేదు. ఒకరి రేడియో మరియొకరికి వినబడదు. ఒకరి పారిభాషికపదము మరియొకరికి బోధపడదు. ఆ గుణపాఠమునుండి ఫైర్‌స్కోప్ అను సంయుక్త ప్రయత్నము పుట్టి, దానినుండి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అను విధానము రూపొందినది. దానిని మనము ప్రమాదవేళల ఏకాజ్ఞా విధానమని పిలువవచ్చును. అడవిమంటలకై పుట్టిన ఆ పద్ధతి క్రమముగా నూనెశుద్ధి కర్మాగారములకు, రసాయన పరిశ్రమలకు, వరదలకు, భూకంపములకు వ్యాపించినది. 2004 నుండి అమెరికాలో జాతీయవిధాన మైనది. మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జులైలో దీనినే మన పరిపాలనకు తగినట్లు సవరించి, ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అను పేర మార్గదర్శకములు ప్రకటించినది. జిల్లాలో కలెక్టరు బాధ్యతాధికారి. ఆయన క్రింద ఆజ్ఞాధికారి. ఆ యాజ్ఞాధికారి క్రింద శాఖలు. కావున ఇది మనకు క్రొత్తదియు కాదు, పరాయిదియు కాదు. వ్రాసి పెట్టుకొన్నాము, వాడుట మాత్రము అరుదు.

దీని సారము నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, ఒక్క ప్రమాదమునకు ఒక్కడే ఆజ్ఞాధికారి. ప్రతివానికి ఒక్కడే పైయధికారి. ఇద్దరి ఆజ్ఞలు మోయువాడు ఎవరి ఆజ్ఞయు నెరవేర్పలేడు. రెండవది, ఒక్కడు ముగ్గురు మొదలు ఏడుగురి వరకు మాత్రమే నడుపగలడు. అయిదుగురు సరియైన సంఖ్య. పని పెరిగినకొలది శాఖలు పెంచవలెనే కాని ఒకని నెత్తిన ఇరువదిమందిని మోపరాదు. మూడవది, పనుల విభజన. మంట నార్పువారు ఒక శాఖ. రాబోవు గంటలకు ఏమి చేయవలెనో ఆలోచించి వ్రాయువారు ఒక శాఖ. నీరు, నురుగు, వాహనములు, భోజనములు సమకూర్చువారు ఒక శాఖ. ఆజ్ఞాధికారి ప్రక్కనే రక్షకుల క్షేమమును కనిపెట్టు భద్రతాధికారి, ఇతర సంస్థలతో మాటాడు అనుసంధానాధికారి, ప్రజలకు పత్రికలకు నిజము చెప్పు సమాచారాధికారి. నాలుగవది, అందరకు అర్థమగు వాడుకమాటలు, సంకేతపదములు నిషిద్ధములు. మొదట చేరినవాడు, చిన్నవాడైనను, ఆజ్ఞను చేపట్టును. తనకంటె సమర్థుడు వచ్చినపుడు నోటిమాటగా స్థితిగతులు చెప్పి ఆజ్ఞ నప్పగించును. అప్పగింత జరుగునంతవరకు ఎంత పెద్ద దొర వచ్చినను ఆ చిన్నవాని మాటయే చెల్లును.

ఈ చివరి నియమము మన దేశమునకు అత్యవసరము. మన కర్మాగారములలో రాత్రి షిఫ్టు సూపర్వైజరునకు యంత్రములు నడుపు బాధ్యత యుండును గాని ఆపు అధికార ముండదు. ఆపినచో నష్టము లక్షలలో నుండును. తెల్లవారిన తరువాత సంజాయిషీ చెప్పవలెను. కావున అతడు మేనేజరునకు టెలిఫోను చేయును. మేనేజరు యజమానికి చేయును. అంతలో మంట తన పని తాను చేసికొనిపోవును. 1988 జులై 6వ తేదీ రాత్రి ఉత్తరసముద్రమున పైపర్ ఆల్ఫా అను చమురువేదిక దగ్ధమై 167 మంది మరణించిరి. ఆ వేదిక మండుచుండుట కండ్లార చూచుచును, ప్రక్కవేదికలవారు గొట్టములవెంట చమురు పంపుట కొంతసేపు మానలేదు. ఆపుటకు తమ కధికారమున్నదని వారు తలపలేదు. మండుచున్న వేదికమీది అధికారి నుండి జనులు తప్పించుకొనుటకు తగిన ఆజ్ఞయు రాలేదు. వసతిగదులలో ఆజ్ఞకై ఎదురుచూచిన వారిలో పలువురు అచటనే మరణించిరి. 1990లో కల్లెన్ ప్రభువు వెలువరించిన నివేదిక తరువాతగాని ఆ పరిశ్రమకు కనువిప్పు కలుగలేదు. ఆపుటకు వ్రాతపూర్వకమైన అధికారము, ఆపినందుకు శిక్ష లేదను అభయము, ఈ రెండును లేని ఆజ్ఞాధికారి పేరునకు మాత్రమే అధికారి.

మన చట్టములలో లోపమున్నదా యని పాఠకు లడుగవచ్చును. భోపాలు దుర్ఘటనమునకు పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టము సవరింపబడినది. 1989 నాటి అపాయకర రసాయనముల నియమములు కర్మాగారములోపలి అత్యవసర ప్రణాళికను యజమాని సిద్ధపరచవలెననియు, ఆరుమాసముల కొకమారు దానిని అభ్యాసము చేయించవలెననియు విధించినవి. ప్రహరి వెలుపలి ప్రణాళిక జిల్లా అధికారుల బాధ్యత. 1996 నాటి నియమములు జిల్లాకొక విపత్తుసంఘమును కల్పించినవి. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. కాగితములకు కరవు లేదు. కాని ఈ నియమములు పట్టికలో పేర్కొన్న రసాయనములు నిర్ణీత పరిమాణమునకు మించి నిలువయున్న చోట్లకే వర్తించును. ఇక 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రతా సంహిత ప్రకారము విద్యుచ్ఛక్తితో నడచుచోట 20 మంది కార్మికు లున్నగాని అది కర్మాగార మనిపించుకొనదు. పూర్వపు చట్టములో 10 మందియే చాలును. చిన్న మిల్లులు పలు విధులనుండి జారిపోవుటకు ద్వారము తెరువబడినది. మంటకు మాత్రము ఈ సంఖ్యలు తెలియవు.

ఈ మాట బిచ్కుందవంటి ప్రాంతములలో ప్రత్యేకముగా ఆలోచింపదగినది. కామారెడ్డి జిల్లా పశ్చిమపుకొసను, మహారాష్ట్ర కర్ణాటకముల పొలిమేరలో నున్న ఈ సీమలో విశాఖవలె మహాయంత్రాగారములు లేవు. ప్రత్తి, చెరకు, సోయాబీను పండు నల్లరేగడినేల యిది. మద్నూరు చుట్టుపట్ల జిన్నింగు మిల్లులు కలవు. వడ్లమిల్లులు, గిడ్డంగులు, పెట్రోలుబంకులు ఎల్లెడల నున్నవి. సంగారెడ్డినుండి నాందేడు మీదుగా అకోలాకు పోవు 161వ జాతీయ రహదారిని లారీలు, ట్యాంకర్లు రాత్రింబవళ్ళు నడచుచుండును. ఇచట మాకు భోపాలు విధానములేల యని కొంద రనవచ్చును. కాని పాశమైలారమున ప్రేలిన దేమి? పిండివంటి పొడియే కదా!

జిన్నింగు మిల్లులో ప్రత్తితోబాటు ఒక రాయియో ఇనుపముక్కయో యంత్రమున పడిన చాలు, నిప్పురవ్వ పుట్టును. ప్రత్తిమంట మాయలాడి. పైకి ఆరినట్లు కనబడును. బేళ్ళ లోపల కుములుచు గంటలు గడచిన తరువాత మరల లేచును. ఆ వేళ యజమాని పట్టణమున నుండును; మేనేజరు ఇంట నుండును; మిల్లులో నుండువారు హమాలీలు, యంత్రముకడ నిలుచు స్త్రీలు, ఒక గుమాస్తా. ఒకడు నీళ్ళ బిందె తెచ్చును. కరెంటు తీసినారా యని అడుగువాడు లేడు. ఒకడు బేళ్ళు ఈడ్చును. గేటు కడ్డముగా నిలిచిన లారీని తీయించువాడు లేడు. 101కు ఫోను చేసితివా యని ఒకడడిగిన, నీవు చేసితివనుకొంటినని మరియొక డనును. షెడ్డు వెనుక నిద్రించుచున్న కూలి నెవరును తలపరు. పల్లెలో గడ్డివామి అంటుకొనినపుడు ఊరివారందరును నీళ్ళు మోసి, కొట్టములోని పశువుల పలుపులు విప్పుట మరచినట్లే యిదియు.

ఈ మిల్లునకు కావలసినది పెద్ద కార్యాలయము కాదు. ప్రతి షిఫ్టునకు ఒక ఆజ్ఞాధికారి, అతడు లేనిచో ఒక ప్రత్యామ్నాయుడు. వారి పేర్లు గేటుకడ పెద్దయక్షరములతో వ్రాసిన పలక. అది తెలుగునను, హిందీలోను, ఈ పొలిమేరలో మరాఠీ కన్నడములలోను ఉండవలెను. కరెంటు తీయువాడొకడు, ఫోను చేయువాడొకడు, గేటు కాచి అగ్నిమాపకశకటమునకు దారి చూపువాడొకడు, తలలు లెక్కించువాడొకడు. లోనికి పోవు ప్రతి మనిషికి ఒక బిళ్ళ. కాంట్రాక్టు కూలీ యైనను, లారీ డ్రైవరైనను బిళ్ళ తప్పదు. ఆ బిళ్ళల పలక గేటువెలుపల, మంట తగులని చోట నుండవలెను. గాలివాటము తెలుపు గుడ్డజెండా యొకటి, గాలి కెదురుగా చేరుటకు నిర్ణయించిన స్థలములు రెండు. అగ్నిమాపకాధికారి వచ్చిన వెంటనే మూడు మాటలు: ఏమి మండుచున్నది, లోన ఎంద రున్నారు, ఏవేవి ఆపితిమి. దీని కగు ఖర్చు ఒక బేలు ప్రత్తి వెలకు మించునని మేము తలపము. ప్రత్యేకాధికారులను పెట్టుకొనలేని చిన్న మిల్లులు నాలుగైదు కలిసి ఉమ్మడి యేర్పాటు చేసికొనవచ్చును.

ఇది మిల్లులకే పరిమితము కాదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాపై కురిసిన కుండపోత రోడ్లను తెంపి, ఊళ్ళను ముంచి, జనులను ఇండ్లకప్పులెక్కించినది. మిల్లు మంటలో ఆజ్ఞ నేర్చినవారు వరదలోను ఆ యాజ్ఞనే వాడుకొందురు. అపాయము మారినను అమరిక మారకుండుటయే ఈ విధానపు బలము. రహదారిపై రసాయనపు ట్యాంకరు పొలిమేర కడ బోల్తాపడినచో తెలంగాణ దళమును, దెగ్లూరు దిక్కునుండి మహారాష్ట్ర దళమును, బీదరు దిక్కునుండి కర్ణాటక దళమును రావలసియుండును. మూడు ప్రభుత్వములు, మూడు భాషలు, అపాయ మొక్కటి. అట్టివేళ ఒకే అమరిక, ఒకే మాట లేనిచో సరిహద్దురాయియే సహాయమునకు అడ్డుగోడ యగును.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఇది సైనికపద్ధతి, కార్మికులపై మరియొక పెత్తనమని కొంద రందురు. ప్రమాద మున్నంతవరకే యీ యాజ్ఞ. మంట ఆరినతోడనే అదియు ఆరిపోవును. పైగా యిది కార్మికునకే రక్ష. ఆజ్ఞ లేనిచోట మొదట బలియగువాడు, దారి తెలియని క్రొత్తకూలీయే కదా! ఆజ్ఞాధికారిని తరువాత బలిపశువును చేయుదురని మరికొంద రందురు. ఆ భయము నిరాధారము కాదు. అందుకే సద్బుద్ధితో నిచ్చిన ఆజ్ఞకు రక్షణ నియమములలోనే యుండవలెను. మూడవవారు పెద్దలు: మాకు ప్రణాళిక యిదివరకే యున్నది, బీరువాలో భద్రముగా నున్నది యందురు. బీరువా కూడ కర్మాగారములోనే యున్నదని వారు మరచిరి!

ఈ విధానము సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. ఇది ప్రేలుడును రానీయని మంత్రము కాదు. పాతయంత్రములు మార్చుట, దుమ్ము తుడుచుట, తొట్టి ఉష్ణము కనిపెట్టుట, తనిఖీలు నిజముగా జరుపుట, వీనికి ప్రత్యామ్నాయము లేదు. యజమాని ఆజ్ఞాధికారిని నియమించి భద్రతపై ఖర్చు తగ్గించుకొన్నచో అది మోసము. 1997 సెప్టెంబరు 14న విశాఖ నూనెశుద్ధి కర్మాగారమున వంటగ్యాసు అంటుకొని సుమారు 60 మంది మరణించిరి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున ఎసియెన్షియా కర్మాగారమున 17 మంది మరణించిరి. ఇట్టివానిని నివారించుట మొదటి ధర్మము. నివారణ తప్పినవేళ నష్టమును కుదించుట రెండవ ధర్మము. మొదటిదాని పేర రెండవదానిని విడుచుట తగదు.

కావున మేము కోరునవి ఇవి. రాష్ట్రప్రభుత్వములు 2010 నాటి మార్గదర్శకములను ప్రతి పరిశ్రమకును, కార్మికుల సంఖ్యతో నిమిత్తము లేకుండ, స్థాయి ననుసరించి విధిగా చేయవలెను. ఆజ్ఞాధికారి పేరు, యంత్రముల నాపు అధికారము లేని పరిశ్రమకు అనుమతి నీయరాదు. ఆరుమాసముల అభ్యాసమును పగటివేళ, ముందుగా చెప్పి, ఛాయాపటములకై చేయు వేడుకగా గాక, చెప్పకుండ, రాత్రివేళను సయితము జరుపవలెను. చుట్టుప్రక్కల పల్లెవారిని దానిలో చేర్చవలెను. సైరనున కర్థ మేమో బడిపిల్లలకు సయితము తెలియవలెను. అభ్యాసమున కనబడిన లోపములను కలెక్టరు తెలుగున ప్రకటింపవలెను. పొలిమేర జిల్లాల అధికారులు ఏటేట ఒకమారు కలిసి అభ్యాసము చేయవలెను.

ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట మనకు అలవాటైనది. పాశమైలారమున కొడుకు బూడిదకైన నోచుకొనని తల్లులకు నష్టపరిహారపు చెక్కు సమాధానము కాదు. వారికి మనము చెప్పగల సమాధాన మొక్కటే: రేపు మరియొకచోట మంట లేచినపుడు, గేటుకడ నిలిచి లోపల ఎంద రున్నారో ఒక్కమాటలో చెప్పగలవా డొకడుండును, వారిని వెలికి తీయుమని ఆజ్ఞ యిచ్చువా డొకడుండును. మద్నూరు మిల్లునందును, విశాఖ కర్మాగారమునందును ఆ యొక్కని పేరు నేడే వ్రాయబడవలెను.